డాలస్ చలికి తాబేళ్ళని బయట పాండ్‌లోనే ఉంచేయొచ్చా? మధ్యలో ఇండియా ట్రిప్ కూడా ఉంది

లాస్య_వాళ్ళమ్మ (ఫ్రిస్కో) – నవంబర్ 9

అందరికీ నమస్తే. మేము ఫ్రిస్కోలో ఉంటాం. మా ఇంట్లో రెండు రెడ్ ఇయర్డ్ స్లైడర్స్ ఉన్నాయి, కళ్ళ వెనకాల ఎర్ర గీత ఉంటుంది కదా అవే. ఆడదాని పేరు బుజ్జి, డిప్ప ఏడంగుళాలు ఉంటుంది. మగవాడు చిట్టి, నాలుగున్నర అంగుళాలు, ముందుకాళ్ళ గోళ్ళు బాగా పొడుగు. నాలుగేళ్ళు ఇంట్లో ట్యాంకులోనే పెరిగాయి, పెద్దవయ్యేకొద్దీ ఆ ట్యాంకులో తిరగలేక గాజుకి తల కొట్టుకుంటుంటే చూడలేక ఈ మేలో బ్యాక్‌యార్డ్‌లో పాండ్ తవ్వించాం. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మధ్యలో రెండున్నర అడుగుల లోతు, నీళ్ళు ఇంకిపోకుండా లైనర్ షీట్ వేశాం, చిన్న వాటర్‌ఫాల్ పంపు కూడా ఉంది. ఎండాకాలమంతా రెండూ దుంగ మీదెక్కి కాళ్ళు చాపుకుని ఎండ కాచుకుంటుంటే మా పాప స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ పడేసి అక్కడే కూర్చునేది.

ఇప్పుడు చలి మొదలైంది. నిన్న పొద్దున నీళ్ళు 54 డిగ్రీలు (ఫారెన్‌హీట్‌లోనే చెప్తున్నా), మధ్యాహ్నానికి 66 అయ్యాయి. బుజ్జి వారం నుంచి తిండి సరిగ్గా తినట్లేదు. చిట్టి తింటున్నాడు కానీ సెప్టెంబర్‌లో ఒకసారి వాడి ముక్కులోంచి బుడగలు వచ్చాయి, వారం రోజులుండి వాటంతటవే తగ్గిపోయాయి, అందుకని డాక్టర్‌కి చూపించలేదు.

ఇంకో సంగతి, డిసెంబర్ 14న ఇండియా వెళ్తున్నాం, తమ్ముడి పెళ్ళి, జనవరి 11కి గాని రాము. మా ఆయనేమో ఇవి టెక్సాస్ తాబేళ్ళే కదా, వైట్ రాక్ లేక్‌లో దుంగల నిండా ఇవే ఉంటాయి, వాటికెవరు హీటర్ పెడుతున్నారు, ఏం కాదు అంటారు. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు, శ్రీకూర్మం గుడిలో తాబేళ్ళకి ఆకులు పెడుతూ పెరిగిన మనిషి, ఇక్కడికొచ్చినప్పుడు రోజూ పొద్దున స్నానం అవ్వగానే బుజ్జికి దండం పెట్టాకే కాఫీ తాగేవారు. ఆవిడ ఫోన్‌లో "ఆ మూగజీవాల్ని చలిలో వదిలేసి పెళ్ళికి వస్తారటే" అని ఒకటే బాధపడుతున్నారు. నాకూ మనసొప్పట్లేదు. ఇంట్లోకి తెచ్చేయాలా, అక్కడే ఉంచాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.


ఒహాయో_పాండ్ – నవంబర్ 9

లాస్య వాళ్ళ అమ్మగారూ, నేను కొలంబస్‌లో ఆరేళ్ళుగా స్లైడర్స్‌ని బయటే ఉంచుతున్నాను. మీవారన్న మాటలో సగం నిజం ఉందండి, అవి మీ ఊరి జీవాలే. కానీ లేక్ వేరు, లైనర్ వేసిన పాండ్ వేరు. లేక్‌లో అంత నీళ్ళు చల్లబడాలంటే వారాలు పడుతుంది, మీ పాండ్ ఒక్క రాత్రిలో చల్లబడి మళ్ళీ మధ్యాహ్నానికి వేడెక్కుతోంది, మీరిచ్చిన నంబర్లలోనే కనబడుతోంది చూడండి 54, 66.

ముందు ఒక్కటి అర్థం చేసుకోండి, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. తాబేలుకి సొంత ఒంటి వేడి లేదు, నీళ్ళు ఎంత ఉంటే అదీ అంతే. నీళ్ళు 50 కిందకి వెళ్తే దాదాపు అన్నీ ఆపేసుకుని అడుగున పడుంటుంది, దీన్ని బ్రూమేషన్ అంటారు. 75 పైన ఉంటే మామూలుగా తిని తిరుగుతుంది. ఈ రెండూ దానికి మంచివే. మధ్యలో 55, 60 దగ్గర నెలలకొద్దీ ఉండిపోవడమే ప్రమాదం. ఒంట్లో శక్తి ఖర్చవుతూ ఉంటుంది కానీ తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే బలం తగ్గిపోతుంది. అందుకే అటో ఇటో తేల్చుకోండి, పూర్తిగా చలిలో ఉంచండి లేదా పూర్తిగా వెచ్చగా ఉంచండి, గరాజ్‌లో హీటర్ లేకుండా టబ్‌లో పెట్టడం లాంటి మధ్యే మార్గం మాత్రం వద్దు.

తిండి ఇవాళే ఆపేయండి బయట ఉంచేదానికి. నీళ్ళు 60 లోపుకి వచ్చాయంటే పొట్టలో ఉన్నది బయటికి పోవడానికే రెండు మూడు వారాలు పడుతుంది, పోకపోతే లోపలే కుళ్ళుతుంది. నేను రెండో ఏడాది ఇక్కడే తప్పు చేశాను. నవంబర్ చివర్లో ఒక వారం ఎండ కాసింది, పైకి వచ్చి నోరు తెరిచి నా వైపు చూస్తుంటే ఆకలేస్తోంది పాపం అని రొయ్యలు వేశాను, గబగబా తినేసింది, మూడు రోజుల్లో మళ్ళీ గడ్డకట్టే చలి వచ్చింది. మార్చిలో అది పైకి రాలేదు. ఇప్పటికీ ఆ నోరు తెరిచిన మొహం గుర్తొస్తుంది నాకు. జాలిపడి తిండి పెట్టొద్దండి, దయచేసి.

వాటర్‌ఫాల్ పంపు కూడా చలికాలం కట్టేయండి. నీళ్ళు 39 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, ఆ నీళ్ళు అడుక్కి దిగుతాయి, అంతకంటే చల్లటివి పైన తేలి అక్కడే ఐస్ అవుతాయి. అంటే పైన ఐస్ ఉన్నా అడుగున 39 ఉంటుంది, తాబేలు బతికేది ఆ అడుగు పొర వల్లే. పంపు తిప్పితే పైదీ కిందదీ కలిసిపోయి మొత్తం ఇంకా చల్లబడుతుంది. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టాలనుకుంటే అడుగున కాదు, పైనుంచి ఆరేడు అంగుళాల్లో వేలాడదీయండి చాలు. రాలిన ఆకులు తీసేసి పైన నెట్ కట్టండి, ఆకులు అడుగున కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ తినేస్తాయి, బ్రూమేషన్‌లో ఉన్న తాబేలు పైకి రాకుండా నీళ్ళలోంచే చర్మం ద్వారా, గొంతు లోపలి పొరల ద్వారా కాస్త ఆక్సిజన్ తీసుకుంటుంది కదా, అదే దాని ఊపిరి. నెట్‌కి ఒక పక్క అది బయటికి రాగలిగే జాగా మాత్రం వదలండి.

లోతు మా దగ్గరైతే రెండున్నర అడుగులు అస్సలు చాలదు, నాది నాలుగున్నర. మీ డాలస్‌కి మామూలు ఏడాదైతే సరిపోవచ్చు. మామూలు కాని ఏడాది గురించి అక్కడివాళ్ళే చెప్పాలి.


ఇర్వింగ్_అన్న – నవంబర్ 10

అక్కా నేను చెప్తా మామూలు కాని ఏడాది గురించి. ఇర్వింగ్‌ల ఉంటం మేము, మా దాంట్ల మూడు స్లైడర్స్ ఉన్నయి, పాండ్ మీదాని కంటే చిన్నది కానీ లోతు మూడున్నర అడుగులు. 2021 ఫిబ్రవరిల మంచు తుఫాన్ వచ్చింది కదా, 16వ తారీఖు పొద్దుగాల ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 పడ్డది, అది ఫారెన్‌హీట్‌ల, మన సెల్సియస్‌ల అయితే మైనస్ 19 కాడికి. ఇంట్ల కరెంట్ లేదు, పిల్లలను జాకెట్లు తొడిగి ఒక్క రూంల పడుకోబెట్టినం. పాండ్‌ల తేలే డీ ఐసర్, అదే ఐస్ కట్టకుండ చూసే కరెంట్ హీటర్, పెట్టుకున్న నేను, మస్తు ధైర్యంగ ఉండె అది ఉన్నది కదా అని, కరెంటే లేకపాయె ఇంక అదేం చేస్తది. పొద్దున లేచి చూస్తే పాండ్ మొత్తం తెల్లగ రాయి లెక్క అయిపోయింది, నాలుగు అంగుళాల మందం ఉండె ఐస్.

మా పక్కింటాయన సుత్తె పట్టుకొచ్చిండు పగలగొడదామని. నేను వద్దన్న. ఐస్ మీద గట్టిగ కొడితే ఆ దెబ్బ నీళ్ళల్ల నుంచి పోయి లోపలున్న జీవానికి తగుల్తది, చేపలు పెంచేటోళ్ళు చెప్తరు ఇది. బయట గ్యాస్ గ్రిల్ మీద నీళ్ళు కాచి, స్టీల్ గిన్నెల పోసి ఆ గిన్నెను ఐస్ మీద పెట్టిన, మెల్లగ కరిగి గిన్నె సైజు బొక్క పడ్డది, ఆ బొక్కల నుంచి లోపలి చెడు గాలి బయటకు పోతది. నాలుగు రోజులు పొద్దున మాపు అదే పని. నీళ్ళు డైరెక్ట్‌గ పాండ్‌ల పొయ్యొద్దు మల్ల. పాండ్ మీద సగం దాంక ప్లైవుడ్ చెక్కలు కప్పి వాటి మీద పాత దుప్పట్లేసినం.

మార్చి నడుమల దాంక ఒక్కటి కూడ కనవడలే. నేనైతే ఆశ వదులుకున్న అక్కా, మా కొడుకు మాత్రం రోజు పోయి చూసెటోడు. మార్చి 14న ఒకటి తల బయటపెట్టింది, వారంల మూడు వచ్చినయి. కాపాడింది ఆ మూడున్నర అడుగుల లోతే, డీ ఐసర్ కాదు. అందుకే మీకు చెప్పేది ఏందంటే, ఈ సంవత్సరం కాకున్నా వచ్చే ఎండాకాలంల మధ్యల ఇంకో అడుగు తవ్వియ్యండి.

ఇంకొకటి, మన దిక్కు చలి కంటే చలి నడుమ వచ్చే ఎండ మోసం చేస్తది. జనవరిల ఒకరోజు 75 ఉంటది, తాబేలు లేచి దుంగ ఎక్కుతది, సాయంత్రం బ్లూ నార్దర్, అంటే ఉత్తరం దిక్కు నుంచి వచ్చే చలిగాలి, కొట్టిందంటే రెండు మూడు గంటలల్ల ముప్పై నలభై డిగ్రీలు పడిపోతది. అది గట్టు మీద బిగుసుకపోతది, నీళ్ళల్లకు దిగే శక్తి కూడ ఉండదు. ఆ రోజు రకూన్, అదే రాత్రిపూట వేటాడే అడవి జంతువు, వస్తే ఇంక అంతే, ఉరకలేదు, కొరకలేదు. నేను పాండ్ చుట్టు మెష్ ఫెన్స్ వేసిన రకూన్ల కోసం. చలిగాలి వస్తుందని వెదర్ యాప్‌ల కనవడ్డ రోజు సాయంత్రం పోయి గట్టు మీద ఎవలన్న ఉన్నరా అని చూస్త, ఉంటే మెల్లగ ఎత్తి నీళ్ళల్ల విడుస్త. మీరు ఊర్ల ఉండరు కాబట్టి ఈ ఒక్క పని ఎవలకన్న అప్పజెప్పండి. బుజ్జిని బయట ఉంచొచ్చు అంట నేను. తిండి పెట్టేది లేదు, నీళ్ళు మార్చేది లేదు, అంత కష్టం కాదు.


స్వాతి_ఆస్టిన్ – నవంబర్ 10

నేను ఆస్టిన్‌లో జంతువుల హాస్పిటల్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, ఇద్దరు అన్నయ్యలూ చెప్పినవి కరెక్టే. కానీ చిట్టి గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు ఆ లైన్ చదవగానే అక్కడే ఆగిపోయింది మనసు.

లాస్య వాళ్ళమ్మగారూ, ముక్కులో బుడగలు వాటంతటవే తగ్గిపోయాయి అంటే జబ్బు పోయిందని కాదండి. తాబేళ్ళలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఎండాకాలం వేడిలో ఒళ్ళు దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది, చలిలో ఆ శక్తి పోగానే అది తిరగబెడుతుంది, అప్పుడు తాబేలు అడుగున ఉంటుంది కాబట్టి మీకు తెలియదు కూడా. ఒకసారి వాడు ఈదుతున్నప్పుడు పక్క నుంచి చూడండి, ఒక వైపుకి ఒరిగి తేలుతున్నాడా, మెడ చాచి నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడా, కళ్ళు ఉబ్బాయా. ఏదీ లేకపోయినా సరే చిట్టిని ఈ చలికాలం బయట ఉంచకండి. జబ్బు చేసి లేచినవాటిని, బరువు తక్కువున్నవాటిని, ఏడాది లోపు పిల్లల్ని బ్రూమేషన్‌కి పంపకూడదు.

లోపలికి తెచ్చేటప్పుడు 54 నుంచి ఒకేసారి 78లో వేయకండి. ఇప్పుడు పాండ్ ఎంత ఉందో అంత నీళ్ళతో ట్యాంకు నింపి రోజుకి మూడు నాలుగు డిగ్రీలు పెంచుకుంటూ వెళ్ళండి. ఆరోగ్యంగా ఉన్నదానికి 76, 78 చాలు, జలుబు చేసినదానికి 80 పైన ఉంచుతాం. పైన ఎక్కి కూర్చునే చోట 90 పైన వేడి, దాంతోపాటు యూవీబీ లైట్, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది. మామూలు బల్బు యూవీబీ పని చేయదు, యూవీబీ బల్బు కూడా వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలలకి దానిలో పస తగ్గిపోతుంది, నాలుగేళ్ళ నాటిదైతే మార్చేయండి. సరీసృపాలని చూసే వెట్ దగ్గరికి ఈ వారంలోనే తీసుకెళ్ళండి, కుక్కలు పిల్లులు మాత్రమే చూసేవాళ్ళు వద్దు. ఇంజెక్షన్ ఇస్తే ముందుకాలికి ఇస్తారా అని గమనించండి, తాబేలుకి వెనక భాగంలో వేసిన మందు మూత్రపిండాల మీదుగా వెళ్తుంది కాబట్టి చాలామంది డాక్టర్లు ముందు కాళ్ళవైపే వేస్తారు. అవి బయట ఉండి వచ్చాయి కాబట్టి మలం టెస్ట్ కూడా చేయించండి, పురుగులు ఉంటే తెలుస్తాయి.

బుజ్జి విషయంలో మాత్రం ఇర్వింగ్ అన్నయ్యతో నేను ఏకీభవించను. మొదటి చలికాలం, లోతు తక్కువ, నాలుగు వారాలు మీరు ఉండరు. మూడూ కలిస్తే నేనైతే రెండింటినీ లోపలికే తెచ్చేస్తాను. పోయినోళ్ళని వెనక్కి తేలేం కదా. ఒకవేళ బయటే అనుకుంటే ఇవాళ కిచెన్ స్కేల్ మీద తూచి రాసిపెట్టుకోండి, వసంతంలో తూస్తే పది శాతం కంటే ఎక్కువ తగ్గి ఉండకూడదు.

పక్కింటి పిల్లలకి ఈ పని అప్పజెప్తే చేతులు సబ్బుతో కడుక్కోమని గట్టిగా చెప్పండి. తాబేళ్ళ నుంచి మనుషులకి అంటే సాల్మొనెల్లా బ్యాక్టీరియా వల్లే కదా 1975 నుంచి ఇక్కడ నాలుగంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ళని పెంపకానికి అమ్మకూడదని రూల్ పెట్టారు, పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని. పెద్దవాటిలోనూ ఉంటుంది అది.


మేడ్చల్_ఫామ్ – నవంబర్ 11

నమస్తే అండి, మేము హైదరాబాద్ పక్కన మేడ్చల్‌లో ఉంటాం. మా సిమెంట్ తొట్టిలో కూడా స్లైడర్ ఉంది, ఇక్కడి పెట్ షాప్‌లో కొన్నదే. మా దగ్గర ఐస్ గొడవే లేదు, కానీ పైన ఒహాయో ఆయన చెప్పిన మధ్య రకం చలి అంటే ఏంటో ఇప్పుడు అర్థమైంది నాకు. డిసెంబర్, జనవరిలో రాత్రి 12 సెల్సియస్ వరకూ వస్తుంది, మధ్యాహ్నం 28. పోయిన జనవరి అంతా అది తినకుండా కళ్ళు మూసుకునే ఉండేది, నిద్రపోతోందేమో అనుకున్నాం. అంటే మా దగ్గర నిద్రపోయేంత చలి లేదు, తిరిగేంత వేడీ లేదన్నమాట. ఈసారి లోపల టబ్‌లో హీటర్ పెట్టి ఉంచుతాను.

ఇండియాలో ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట. చెరువులో దొరికిన మన తాబేళ్ళని, నక్షత్ర తాబేళ్ళని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మా పక్క ఫామ్‌లో బోరు దగ్గర దొరికిందని తెచ్చి పెట్టుకున్నారు, చెప్పి ఫారెస్ట్ వాళ్ళకి ఇప్పించాను. స్లైడర్ పెద్దదైపోయిందని చెరువులో వదలడం కూడా వద్దు, అది మన నీళ్ళ జీవి కాదు, మనవాటి తిండీ జాగా లాక్కుంటుంది.


లాస్య_వాళ్ళమ్మ – నవంబర్ 15

అందరికీ పేరుపేరునా థాంక్స్. స్వాతీ, నీకు మరీ మరీ. నువ్వు చెప్పినట్టే పక్క నుంచి చూస్తే చిట్టి కొంచెం ఎడమ వైపుకి ఒరుగుతున్నాడు, ఇన్ని రోజులూ నేను గమనించనేలేదు. గురువారం వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం, ఎక్స్‌రే తీశారు, ఒక ఊపిరితిత్తిలో ఇన్ఫెక్షన్ ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, అవును ముందుకాలికే. ఇప్పుడు ట్యాంకులో ఉన్నాడు, 72 దాకా పెంచాం. బయట వదిలేసి వెళ్ళిపోయి ఉంటే అని తలుచుకుంటేనే కాళ్ళు వణుకుతున్నాయి.

బుజ్జి మీద ఇంట్లో రెండు రోజులు మాటలయ్యాయి. నాకు లోపలికి తేవాలనే ఉంది కానీ ట్యాంకు ఒక్కటే, జబ్బు చేసినవాడితో కలిపి పెట్టకూడదన్నారు వెట్. దాన్ని కూడా చూసి గట్టిగా ఉంది, టెస్టులన్నీ బాగున్నాయి, బయట ఉండగలదు అన్నారు. 1,140 గ్రాములు ఉంది. తిండి ఆపేశాం, పంపు కట్టేశాం, నెట్ కట్టాం, రకూన్ల కోసం మా ఆయన ఇవాళ మెష్ బిగిస్తున్నారు. చిట్టి మేము వెళ్ళేటప్పుడు ప్లేనోలో మా ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్తాడు ట్యాంకుతో సహా. బుజ్జిని పక్కింటి పెద్దావిడ సాయంత్రాలు వచ్చి చూస్తానన్నారు. ఆవిడ అడిగింది ఏంటంటే, కదలకుండా పడుంటే బతికుందో లేదో ఎలా తెలుస్తుంది అని. ఏం చెప్పను?


ఒహాయో_పాండ్ – నవంబర్ 15

ఆవిడకి చెప్పండి, అడుగున కదలకుండా ఉంటే మంచిదే, చెయ్యి పెట్టొద్దు, కర్రతో కదపొద్దు, ఫోటో కోసం కూడా తీయొద్దు. లేపిన ప్రతిసారీ అది దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. పైకి తేలి ఉబ్బినట్టు, కళ్ళు లోపలికి పోయినట్టు ఉంటే మాత్రం మీకు ఫోన్ చేయమనండి. గట్టు మీద ఉండి అనుమానమొస్తే వెనక కాలు మెల్లగా ముట్టుకుంటే చాలు, బతికున్నది నెమ్మదిగానైనా లోపలికి లాక్కుంటుంది. చిన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది వైరు ఉండేది, దాని వైరు అడుగుకి దింపి డిస్‌ప్లే గట్టు మీద పెట్టండి. ఆవిడ రోజూ ఆ నంబర్ ఫోటో పంపితే మీరు పెళ్ళి పందిట్లో ఉన్నా చూసుకోవచ్చు. అడుగున 38 కంటే తగ్గిందంటే ఇర్వింగ్ ఆయన్ని పంపించండి.


ఇర్వింగ్_అన్న – నవంబర్ 15

పంపియ్యండి అక్కా, ఇర్వింగ్ నుంచి ఎంత దూరం, ముప్పై నిమిషాలు. మెసేజ్ పెడతా, నంబర్ తీస్కోండి. గిన్నె కూడ నేనే తెస్త.


లాస్య_వాళ్ళమ్మ – మార్చి 8

చాలా రోజులైంది, క్షమించండి. జనవరి మూడో వారంలో నాలుగు రోజులు గట్టి చలి వేసింది, అప్పటికి మేము వచ్చేశాం, సన్నగా ఐస్ కట్టింది, అడుగున 40 కంటే తగ్గలేదు. అన్న చెప్పినట్టు గిన్నె పెట్టాం రెండు పూటలా. మొన్న ఫిబ్రవరి 27న పాప స్కూల్ బస్సు దిగి వస్తూనే అరిచింది, బుజ్జి దుంగ మీద ఉంది. మా అత్తగారికి వీడియో కాల్ చేసి చూపిస్తే అక్కడ నుంచే దండం పెట్టారు. ఇవాళ తూచాం, 1,075 గ్రాములు. చిట్టి మందులు అయిపోయి నిటారుగా ఈదుతున్నాడు, బరువు కూడా పెరిగాడు, వాడిని మేలో గాని బయటికి తీయను. నీళ్ళు ఇప్పుడు పగలు 64, రాత్రి 57. తిండి ఎప్పుడు మొదలుపెట్టను? ఇవాళ నా వేలి వైపు చూసి నోరు తెరిచింది.


స్వాతి_ఆస్టిన్ – మార్చి 8

ఆరు శాతం లోపే తగ్గింది, చాలా బాగుంది అక్కా! ఇంకొన్ని రోజులు ఆగండి. రాత్రి కూడా 60 కింద పడకుండా ఒక వారం ఉందంటే అప్పుడు మొదలుపెట్టండి, ముందు రొమైన్ ఆకులు, డాండిలయన్ ఆకులు కొంచెం, మాంసం పెల్లెట్లు తర్వాత. మొదటి వారం ముట్టుకోకపోయినా కంగారు పడకండి, అలవాటవుతుంది. ఈలోపు చలిగాలి మళ్ళీ రావచ్చు, మార్చిలో కూడా వస్తుంది మనకి, సాయంత్రం గట్టు చూడటం మాత్రం మానకండి.


లాస్య_వాళ్ళమ్మ – మార్చి 8

సరే ఆగుతాను. మే నెలకి తవ్వేవాళ్ళతో మాట్లాడేశాం, ఇంకో అడుగున్నర.